పాత సామాన్ల సంతలో మంచి జేబుచాకును ఏరుకోవడం ఎలా

అమెరికాలో ఏ పాత సామాన్ల సంతకు వెళ్లినా, ఎక్కడో ఒక బల్ల మీద సిగార్ పెట్టె నిండా మడతచాకులు కనిపిస్తాయి. కొన్ని తుప్పు పట్టి ఉంటాయి, కొన్ని జిడ్డోడుతుంటాయి, కొన్నింటికి ఏళ్ల తరబడి జేబులో చేరిన నలక అంటుకుని ఉంటుంది. వీటిలో చాలావరకు పక్కన పెట్టాల్సినవే. కానీ వాటి మధ్యే పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్‌లోనో, న్యూయార్క్ రాష్ట్రంలోని వాల్డెన్‌లోనో చేతి పనివాళ్లు అమర్చిన చాకు ఒకటి దాగి ఉండొచ్చు. చాకులు చేసే ష్రేడ్ కంపెనీ కర్మాగారం 2004లో మూతపడింది, అలాంటిదే కమిలస్ 2007లో. ఆ పాత సరుకు ఇక పెరగదు. అందుకే ఏరుకోవడం తెలిసి ఉండాలి.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ముందు కంపెనీ పేరు వెతుకుతారు. నష్టపోయేది అక్కడే. ముందు చూడాల్సింది ఉక్కు ఎంత మిగిలిందని. పేరు ఆ తర్వాత. అరిగిపోయిన గొప్ప పేరు కన్నా, నిండుగా ఉన్న మామూలు పేరే మేలు.

ఎక్కడికి, ఎప్పుడు

డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు క్యాంటన్ సంత దగ్గర. తూర్పుగా సుమారు 60 మైళ్లు ఉంటుంది. ప్రతి నెలా మొదటి సోమవారానికి ముందు వచ్చే గురువారం నుంచి ఆదివారం దాకా జరుగుతుంది. లాస్ ఏంజెలెస్ వైపు ఉంటే ప్యాసడీనా రోజ్ బౌల్ మైదానంలో నెలలో రెండో ఆదివారం సంత. మసాచుసెట్స్‌లోని బ్రిమ్‌ఫీల్డ్ సంత మే, జులై, సెప్టెంబరు నెలల్లో ఏడాదికి మూడుసార్లు.

మంచి సరుకు కావాలంటే మొదటి రోజు తెల్లవారగానే వెళ్లండి. వ్యాపారులు ఒకరి దగ్గర ఒకరు కొనుక్కునేది అప్పుడే. చవకగా కావాలంటే చివరి రోజు మధ్యాహ్నం వెళ్లండి. మిగిలింది మళ్లీ బండికెక్కించడం ఎవరికీ ఇష్టం ఉండదు.

చాకులు మాత్రమే అమ్మేవాళ్ల బల్ల దగ్గర నేర్చుకోండి. కొనడానికి మాత్రం పాత పనిముట్లు, చేపల గాలాల పెట్టెలు, కుట్టుపని సామాను అమ్మేవాళ్ల బల్లల చుట్టూ తిరగండి. ఇంట్లోని సామానంతా అమ్మేసే ఎస్టేట్ సేల్ అయితే ముందుగదిలో నిలబడకుండా నేరుగా గ్యారేజీలోకి వెళ్లి, పనిబల్ల సొరుగు తెరిచి చూడండి. ఇంటి యజమాని రోజూ వాడిన చాకు ఉండేది అక్కడే. యాంటిక్ మాల్‌లో అద్దాల బీరువాలు ఒక్కొక్కటి ఒక్కో వ్యాపారివి. తాళం ముందు కౌంటర్‌లో ఉంటుంది. ధర తగ్గించమని అడిగితే చాలాచోట్ల కౌంటర్‌లో ఉన్నవాళ్లే ఆ వ్యాపారికి ఫోన్ చేసి కనుక్కుంటారు. అడగడానికి మొహమాటపడకండి.

జేబులో ఏం ఉండాలి

పదింతలు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం, సన్నటి టార్చి, మిల్లీమీటర్ల స్కేలు, మెత్తటి గుడ్డ, రెండు మూడు చెక్క పళ్లపుల్లలు, చిన్న అయస్కాంతం, ఒక బ్యాండేజి. చిల్లరగా ఒకటి, ఐదు, పది డాలర్ల నోట్లు. పళ్లపుల్ల అలుగు మీది కంపెనీ ముద్రలో పేరుకున్న మట్టిని తీయడానికి. సూది, పిన్నీసు వాడితే గీతలు పడతాయి, ఆ గీత ధర తగ్గిస్తుంది.

అయస్కాంతం గురించి ఒక మాట. అలుగుకు అంటుకుంటే పాత కార్బన్ ఉక్కు, అంటుకోకపోతే స్టెయిన్‌లెస్ అని కొందరు చెబుతారు. అది తప్పు. చాకులకు వాడే స్టెయిన్‌లెస్ ఉక్కు కూడా అయస్కాంతానికి అంటుకుంటుంది. అయస్కాంతంతో తెలిసేది పిడి సంగతి. పిడి చివర ఉండే లోహపు పొన్ను వెండిలా కనిపించే మిశ్రమలోహం నికెల్ సిల్వర్‌దైతే అంటుకోదు, ఇనుపదైతే అంటుకుంటుంది. పిడి లోపలి రేకులు ఇత్తడివా ఇనుపవా అన్నదీ అలాగే తేలుతుంది. నికెల్ సిల్వర్, ఇత్తడి ఉన్నవి సాధారణంగా మేలురకం. అయితే చాలా పాత చాకుల్లో ఇనుప పొన్నులు మామూలే. కాబట్టి దీన్నొక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకండి.

చేతిలోకి తీసుకున్నాక

ముందు అమ్మేవాళ్లను అడగండి, తెరిచి చూడొచ్చా అని. ఒకసారి ఒక అలుగే తెరవాలి. మూసేటప్పుడు వేళ్లు పిడి గాడికి అడ్డం లేకుండా, అలుగు వెన్ను మీద అరచేతితో నెమ్మదిగా నొక్కాలి. టపీమని వదిలేస్తే పదును లోపలి స్ప్రింగుకు తగిలి మొద్దుబారుతుంది. తెలిసిన వ్యాపారి అది చూశాడంటే రెండో చాకు మీ చేతికివ్వడు.

1. మూసి ఉండగానే పక్క నుంచి చూడండి. అలుగు మొన పిడి అంచు కన్నా కిందికి దిగి ఉండాలి. పైకి పొడుచుకొస్తే ఆ అలుగును చాలాసార్లు సానపట్టారని అర్థం. సానపట్టే కొద్దీ మొన వెన్ను వైపు జరుగుతుంది కదా. దాన్ని దాచడానికి కొందరు అలుగు అడుగున స్ప్రింగుకు ఆనే చిన్న బుడిపెను అరగదీస్తారు. అప్పుడు మొన లోపలికి దిగుతుంది, కానీ పదును స్ప్రింగు మీద పడి నలుగుతుంది. కాబట్టి పదును మధ్యలో ఒక్కచోటే చిన్న నొక్కు కనిపిస్తే ఈ బుడిపెను కూడా చూడండి.

2. వెలుతురుకు ఎదురుగా పట్టండి. రేకులకూ స్ప్రింగుకూ మధ్య సందు లోంచి వెలుగు కనిపించకూడదు. కనిపిస్తే రివిట్లు వదులయ్యాయి, లేదా లోపల తుప్పు ఉబ్బి రేకులను తోసేసింది.

3. ఒక్కో అలుగూ తెరవండి. స్ప్రింగు గట్టిగా లాగాలి, పూర్తిగా తెరుచుకోగానే టక్కుమనాలి. ఈ గుణాన్ని అక్కడి సేకర్తలు ‘వాక్ అండ్ టాక్’ అంటారు. కొన్ని చాకులు సగం తెరిచినప్పుడు కూడా ఒకసారి ఆగుతాయి, అది లోపం కాదు. టక్కు లేకుండా మెత్తగా జారితే ముందు లోపల మట్టి ఉందేమో చూడండి. అదైతే ఇంటికెళ్లి నూనెతో సరిచేయొచ్చు. శుభ్రంగా ఉండి కూడా జారుతుంటే స్ప్రింగు సత్తువ పోయినట్టే. దాన్ని సరిచేయలేం.

4. పూర్తిగా తెరిచి, అలుగును పక్కలకు మెల్లగా ఊపండి. వెంట్రుకవాసి కదలిక పాత చాకులో ఒప్పుకోవచ్చు. టకటకలాడితే వద్దు.

5. తెరిచినప్పుడు, మూసినప్పుడు కూడా స్ప్రింగు వెన్ను పక్క రేకులతో సమంగా ఉండాలి. వేలితో తడిమితే మెట్టు తగలకూడదు.

6. ఇప్పుడు అసలు పరీక్ష. అలుగు మొదట్లో, పిడికి ఆనుకుని సానరాయి తగలని చిన్న జాగా ఉంటుంది. అక్కడ వెడల్పు కొలవండి. తర్వాత అలుగు మధ్యలో కొలవండి. మొదట్లో 12 మి.మీ. ఉండి మధ్యలో 9 మి.మీ. ఉంటే పావు వంతు ఉక్కు పోయినట్టు. కొన్ని అలుగులు పుట్టుకతోనే మధ్యలో సన్నగానో లావుగానో ఉంటాయి గనుక అదే నమూనా కొత్త చాకు బొమ్మను ఫోన్‌లో దగ్గర పెట్టుకోండి. తెరవడానికి గోరు ఆనించే గాడికీ పదునుకూ మధ్య దూరం చూసినా తెలుస్తుంది. ఆ రెండూ దగ్గరపడ్డాయంటే బాగా అరిగిందన్నమాట.

సేకర్తల లెక్కలో అలుగు అరుగుదల పదో వంతు లోపు ఉంటే ‘ఎక్సలెంట్’, పావు వంతు దాకా ‘వెరీ గుడ్’, సగం దాకా ‘ఫెయిర్’. అసలు సానపట్టనిదీ, వాడనిదీ ‘మింట్’. కొత్తవాళ్లు ‘వెరీ గుడ్’ కన్నా కిందికి దిగకపోవడం మంచిది, మరీ అరుదైనదైతే తప్ప.

రెండు మూడు అలుగులున్న చాకులో అన్నిటి రంగూ ఒకేలా నల్లబడి ఉందో లేదో పోల్చండి. ఒకటి తెల్లగా, మిగతావి నీలిబూడిద రంగులో ఉంటే ఆ ఒక్కటీ వేరే చాకు నుంచి తెచ్చి బిగించింది కావచ్చు. అన్నిటి మీదా ముద్ర ఉంటే అవన్నీ ఒకే కంపెనీవి కావాలి.

అలుగు మొదట్లో ఉండే ముద్ర

పిడిలోకి దిగే చోట అలుగు మొదట్లో కంపెనీ ముద్ర ఉంటుంది. దీన్ని టాంగ్ స్టాంప్ అంటారు. వెనక వైపు కూడా తప్పకుండా చూడండి. ముందు గొప్ప పేరుండి, వెనక సన్నగా చైనా అనో పాకిస్తాన్ అనో ఉండొచ్చు.

కాలాన్ని లెక్కగట్టడానికి అన్నిటికన్నా తేలికైనది బ్రాడ్‌ఫర్డ్‌లోని కేస్ కంపెనీ ముద్ర. ‘కేస్ టెస్టెడ్ ఎక్స్ఎక్స్’ అని ఉంటే సుమారు 1920 నుంచి 1940 మధ్యది. ‘కేస్ ఎక్స్ఎక్స్’ అని మాత్రమే ఉంటే 1940–1964. కింద ‘యు.ఎస్.ఎ.’ చేరితే 1965–1969. 1970లో ఆ ముద్ర కింద పది చుక్కలు పెట్టి, ఏటా ఒకటి తీసేస్తూ వచ్చారు. అంటే 1980 లోంచి చుక్కలు తీసేస్తే సంవత్సరం వస్తుంది. ఏడు చుక్కలుంటే 1973. 1980లో మళ్లీ పది చుక్కలతో మొదలుపెట్టారు. అయితే ఆ పదేళ్లలో ‘కేస్’లోని ‘ఎస్’ అక్షరం మెరుపు గీతలా కోణాలు తేలి ఉంటుంది. అప్పుడు 1990 లోంచి తీసేయాలి. ఎస్ మామూలుగా ఉందా, మెరుపులా ఉందా అన్నది భూతద్దంతో చూడకపోతే పదేళ్లు తప్పుతారు. చుక్కల మీద మట్టి ఉంటే పళ్లపుల్లతో తీసి మళ్లీ లెక్కపెట్టండి. అరిగి మాయమైన ఒక్క చుక్క ఒక్క ఏడాది తేడా.

కేస్ నమూనా అంకెలో కూడా సమాచారం ఉంది. 6254 తీసుకోండి. 6 అంటే గాట్లు చెక్కిన ఎముక పిడి. 2 అంటే రెండు అలుగులు. 54 అంటే ట్రాపర్ ఆకారం, అంటే ఒకే చివర నుంచి తెరుచుకునే రెండు పొడవాటి అలుగుల చాకు. 3254 అయితే అదే చాకు పసుపు పిడితో. 5254 అయితే దుప్పి కొమ్ము పిడితో. అంకె 5తో మొదలై పిడి పసుపు ప్లాస్టిక్‌ది కనిపిస్తే పిడి మార్చారన్నమాట. ఒక్క చిక్కు ఉంది. 1960ల చివర నుంచి ఎముక బదులు డెల్రిన్ అనే ప్లాస్టిక్ వాడినప్పుడు కూడా 6 అంకె అలాగే ఉంచారు. కాబట్టి 6 చూసి ఎముకే అనుకోకండి.

ష్రేడ్ ముద్రలో ‘వాల్డెన్’ అన్న మాట ఉంటే 1970ల మొదటి కన్నా ముందుది. ‘ఓల్డ్ టైమర్’ పేరున్న చాకు మీద ‘యు.ఎస్.ఎ.’ లేకపోతే 2004 తర్వాత చైనాలో చేసినది అయ్యే అవకాశం ఎక్కువ. రెండూ పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, కానీ బల్ల మీద ఒక్కటే ఉన్నప్పుడు మోసపోవడం తేలిక.

మొదటి చాకుగా కొనడానికి అమెరికా సైన్యం వాడిన నాలుగు అలుగుల స్టెయిన్‌లెస్ చాకు చాలా మంచిది. పిడి మీద ‘యు.ఎస్.’ అనీ, అలుగు మొదట్లో కమిలస్ లాంటి కంపెనీ పేరూ, చేసిన సంవత్సరమూ ఉంటాయి. పిడి కూడా ఉక్కే కాబట్టి పగలదు.

ఇంగ్లండు చాకులూ తగులుతుంటాయి. షెఫీల్డ్‌కు చెందిన జోసెఫ్ రాడ్జర్స్ చాకు మీద నక్షత్రం, మాల్టీస్ శిలువ గుర్తులుంటాయి. కిరీటానికి అటూ ఇటూ వి, ఆర్ అక్షరాలుంటే విక్టోరియా రాణి కాలపు ముద్ర, అంటే 1901 లోపుది. అమెరికాకు దిగుమతయ్యే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలన్న నిబంధన 1891లో అమల్లోకి వచ్చింది. కాబట్టి అక్కడ దొరికిన చాకు మీద ‘ఇంగ్లండ్’ అని ఉంటే దాదాపు ఆ తర్వాతిదే. సెలవులకు ఊరొచ్చినప్పుడు హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లోనో, తాతగారి పెట్టెలోనో విలాయతీ పెన్నుచాకు కనిపిస్తే ఇదే తీరున చూడండి. అయితే ఈ 1891 లెక్క అమెరికాకు పంపిన సరుకుకే.

పిడి సంగతి

ఎముకను భూతద్దంలో చూస్తే సన్నటి రంధ్రాలు, గోధుమరంగు చుక్కలు కనిపిస్తాయి. డెల్రిన్ నున్నగా, ఒకే రంగులో ఉంటుంది, గాట్లన్నీ అచ్చు పోసినట్టు ఉంటాయి. పిడి రివిట్ దగ్గర మొదలై అంచుకు పాకే సన్నటి పగులు ఉందేమో టార్చి ఏటవాలుగా పట్టి చూడండి. పగులు చిన్నదైనా ధర సగానికి అడగొచ్చు, ఎందుకంటే అది పెరిగేదే.

కాల్చిన సూదితో గుచ్చి పరీక్షించమని ఎవరైనా చెబితే వినకండి. 1920ల నుంచి 40ల దాకా సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌తో రంగురంగుల పిడులు చాలా వచ్చాయి. అది భగ్గున అంటుకునే పదార్థం. దాన్ని గుర్తించాలంటే బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి. కర్పూరం వాసన వస్తుంది. సెల్యులాయిడ్ కాలక్రమంలో చివికిపోతూ ఆమ్ల ఆవిరి వదులుతుంది. మూసి ఉన్నప్పుడు పిడి లోపల ఉండే అలుగు భాగం మాత్రమే తుప్పు పట్టి, పిడి ముడతలు పడి, ఇత్తడి రేకుకు పచ్చటి చిలుము పట్టిందంటే అది మొదలైనట్టే. ఎంత అందంగా ఉన్నా అలాంటిది కొనకండి. పక్కనున్న చాకులను కూడా పాడుచేస్తుంది.

ఏనుగు దంతం, తాబేలు చిప్ప పిడులను కూడా వదిలేయండి. అమ్మకం, కొనుగోలు, దేశాలు దాటించడం చట్టంతో చిక్కు. రేకు మీద సెల్యులాయిడ్ తొడుగు చుట్టిన బోలు పిడి చాకులు రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్‌లోని ఇంపీరియల్, కొలోనియల్ కంపెనీలవి ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. డాలరుకో రెండు డాలర్లకో ఒకటి తీసుకుని తుడవడం, నూనె వేయడం సాధన చేయడానికి పనికొస్తాయి.

నకిలీలు

ఖరీదైన పేరునే నకిలీ చేస్తారు. తుపాకుల కంపెనీ రెమింగ్టన్ 1920 నుంచి 1940 దాకా జేబుచాకులు చేసింది. ఆర్1123 అనే పెద్ద ట్రాపర్ పిడి మీద తూటా ఆకారపు బిళ్ల ఉంటుంది. 1982 నుంచి ఆ పేరుతో కొత్త తూటా చాకులు వచ్చాయి. వాటిని కొత్తవిగా అమ్మితే తప్పు లేదు. మాసిన జేబులో తిప్పి పాతదని అమ్మితేనే మోసం.

మిగతా చాకంతా అరిగి, ముద్ర మాత్రం నిన్న కొట్టినట్టు పదునుగా ఉంటే అనుమానించండి. అక్షరాల చుట్టూ లోహం పల్లంగా ఉంటే పాత పేరు అరగదీసి కొత్తది కొట్టారన్నమాట. అలుగంతా నల్లబడి, మొదట్లో మాత్రం తెల్లగా ఉన్నా అంతే. పిడి పాతదై రివిట్ తలలు కొత్తగా మెరుస్తుంటే చాకు విప్పి బిగించారు. అద్దంలా మెరిసే పాత చాకును చూసి మురిసిపోకండి. మెరుగుపెట్టే మోటారు చక్రం మీద రుద్దితే అలుగు మీది చెక్కుడు బొమ్మలు, అంచుల కోణాలు మాయమవుతాయి. అది తిరిగి రాదు.

బేరం

ఈబేలో అడిగే ధర చూడకండి, అమ్ముడుపోయిన వాటి ధర చూపే వడపోత పెట్టుకుని చూడండి. మొదటి పది చాకులకు ఒక్కోదానికి 25 డాలర్లు మించకూడదని గీత గీసుకోండి. లోపాన్ని వెక్కిరించకుండా చూపించండి, ‘మొన విరిగింది, ఇరవైకి ఇస్తారా’ అంటే చాలు. మూడు నాలుగు కలిపి అడిగితే తగ్గించడం వాళ్లకూ తేలిక. పెట్టెలోని చాకులన్నిటికీ ఒకే ధర రాసి ఉంటే బేరమాడకండి, అక్కడ సమయం వెతకడానికి పెట్టండి.

బటన్ నొక్కగానే తెరుచుకునే చాకు కొనేముందు మీ రాష్ట్ర చట్టం చూసుకోండి. కొన్నవన్నీ కారు డిక్కీలో పెట్టండి. ఫెడరల్ కార్యాలయాల్లోకి రెండున్నర అంగుళాలు, అంతకు మించిన అలుగు తీసుకెళ్లకూడదు. విమానంలో చేతిసంచిలో ఏ చాకూ ఒప్పుకోరు, చెక్-ఇన్ చేసే పెట్టెలో చుట్టి పెట్టాలి.

ఇంటికి తెచ్చాక

నీళ్లలో ముంచకండి. వెనిగర్‌లో అసలే వద్దు, ఎముక రంగు వెలిసిపోతుంది. కీలు దగ్గర రెండు చుక్కలు మినరల్ ఆయిల్ వేసి, పదిసార్లు తెరిచి మూస్తే నల్లటి మడ్డి బయటికొస్తుంది. గుడ్డతో తుడిచి మళ్లీ వేయండి. తుడిచిన గుడ్డ తెల్లగా ఉండేదాకా ఇలా చేయాలి. కొబ్బరినూనె, వంటనూనె వాడితే జిగురుగా గడ్డకడుతుంది.

ఎర్రటి తుప్పు మాత్రమే శత్రువు. నీలిబూడిద, నల్లటి పొర ఉక్కుకు కాపు, దాన్ని తీయకండి. తుప్పు మీద నూనె వేసి రాత్రంతా ఉంచి, నాలుగు సున్నాల (0000, అతి సన్నటి ఉక్కు పీచు) స్టీల్ ఊల్‌తో ఆ మచ్చ మీద మాత్రమే మెల్లగా రుద్దండి. ముద్ర దగ్గరికి స్టీల్ ఊల్ పోనివ్వకండి, అక్కడ గుడ్డ, పళ్లపుల్ల చాలు. సానపట్టకండి, అమ్మే ఉద్దేశం ఉంటే మరీను.

తోలు ఒరలో దాచకండి. తోలులోని ఆమ్లం, తేమ కలిసి తుప్పునూ చిలుమునూ తెస్తాయి. అలుగు మీద పలచగా నూనె రాసి, మెత్తటి గుడ్డలో విడివిడిగా చుట్టి, సిలికా జెల్ పొట్లంతో పెట్టెలో పెట్టండి. సెల్యులాయిడ్ పిడి ఉన్నది వేరే పెట్టెలో, గాలి తగిలేలా, ఎండకు దూరంగా ఉంచండి. టెక్సస్ వేసవిలో కారులో అస్సలు వదలకండి. ఒక్కో గుడ్డలో చిన్న చీటీ పెట్టండి: ముద్ర ఏముంది, ఎన్ని చుక్కలు, ఎక్కడ, ఏ తేదీన, ఎంతకు. ఆరు నెలలకోసారి చుట్ట విప్పి ఆ చీటీతో పాటు అలుగునూ చూసి, పలచగా నూనె మళ్లీ రాయండి.